గప్పీ పిల్లలను పెద్ద తొట్టిలోకి మార్చడం: సమాధానం

పెద్ద చేపల తొట్టిలో వదిలిన మర్నాడే నాలుగు గప్పీ (చిన్న రంగుల చేప) పిల్లలు చనిపోయి తేలాయని, మిగిలినవి రెక్కలు ముడుచుకుని అడుగున ఉన్నాయని రాశారు. శరీరాలు గాయాలు లేకుండా దొరికాయి కనుక, కారణం పెద్ద చేపలు కాక నీటిలోని తేడా అయివుండవచ్చు.

మీరు జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) కుళాయి నీటిని నిల్వ ఉంచి, అందులో పిల్లలను పెంచారు. పెద్ద తొట్టిలో ఉన్నది అపార్టుమెంటు బోరు నీరు. పిల్లలున్న సంచిని పెద్ద తొట్టిలో అరగంట తేలనిస్తే వేడి మాత్రమే సమమవుతుంది, లవణాల తేడా అలాగే ఉంటుంది. ఆ తేడాకు పిల్లలను మెల్లగా అలవాటు చేయడమే చాలామంది వదిలేసే మెట్టు.

1. పిల్లలను వాటి పాత నీటితోనే, పావు లీటరు చాలు, గిన్నెలో ఉంచి, ముడి వేసిన సన్నని ఎయిర్ పైపు ద్వారా పెద్ద తొట్టి నీటిని సెకనుకు రెండు మూడు చుక్కలుగా పడనివ్వండి. నీరు మూడింతలయ్యే వరకు, అంటే గంట దాటినా, దయచేసి తొందరపడకండి.

2. వలతో పిల్లలను మాత్రమే వదలండి.

3. పెద్దవాటికి ముందే మేత వేసి, దీపం ఆర్పండి. పెద్దవాటి నోట పట్టేంత చిన్న పిల్లలను ఇంకొన్ని వారాలు విడిగానే పెంచండి.

బతికినవాటిని మళ్లీ పాత నీటికి మార్చకండి. ఆ చిన్న ప్రాణాలు రెండో మార్పును తట్టుకోలేకపోవచ్చు.