విస్తరి ముందు నుంచి లేవకు

నాన్నా,

పెళ్లిలోపు చెంపకి చెమట ఆపే బొటాక్స్ సూది చేయించుకుంటానన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చెవి ముందున్న లాలాజల గ్రంథిలో గడ్డ తీయించుకున్న ఏడాదికే నీకూ నాలాగే తినేటప్పుడు చెంపకి ఈ చెమట మొదలైందని విని మనసు కలుక్కుమంది. అయినా దాచకుండా అమ్మకి చెప్పావు చూడు, అది నాకు గర్వంగా ఉంది. నేను ఆ పని చేయలేకపోయాను.

నాకు ఆ గడ్డ ఆపరేషన్ అయిన పదకొండు నెలలకి ఆవకాయ అన్నం తింటుంటే చెవి ముందు ఎర్రబడి, చెంప మీద నీళ్లు కారాయి. కుట్టు విడిపోయి లాలాజలం బయటికి వస్తోందనుకున్నాను. డాక్టరు దగ్గరికి వెళితే మళ్లీ కోస్తారని భయం. పులుపు మానేశాను, వంటింట్లో ఒక్కదాన్నే తినేదాన్ని. నీ అన్నప్రాసన రోజు బంతిలో కూర్చోక తప్పలేదు. పులిహోర రెండు ముద్దలు తిన్నానో లేదో, చెంప తడిసి కొంగు నానింది. ఎదుటివాళ్లు చూస్తారని విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను. మర్యాద తక్కువైందని అలిగానని మీ అమ్మ అనుకుంది. ఆరు నెలలు మాకు మాటల్లేవు. నీకు మొదటి పళ్లు వచ్చినప్పుడు నేను చూడలేదురా.

ఎన్నో ఏళ్లకి ఒక ఈఎన్‌టీ డాక్టరు చెంపకి అయోడిన్ పూసి, ఆరాక కార్న్‌ఫ్లోర్ చల్లి, నిమ్మచెక్క చప్పరించమన్నారు. చెమట పట్టిన మేరా నల్లగా మారింది. లాలాజల గ్రంథికి వెళ్లే సన్న నరాలు ఆపరేషన్‌లో తెగి, మళ్లీ పెరిగేటప్పుడు దారి తప్పి చర్మంలోని చెమట గ్రంథులకి అతుక్కుంటాయట. నోరూరాల్సిన కబురు చెంపకి చేరుతుందన్నమాట. 1923లో దీన్ని వివరంగా రాసిన పోలండ్ డాక్టరమ్మ లూసియా ఫ్రే పేరు మీదే ఫ్రే సిండ్రోమ్ అంటారు. పేరున్న జబ్బని తెలిసి ఆ రోజు ఎంత ఏడ్చానో!

ఇక నీ సంగతి. బ్యూటీ క్లినిక్‌లో ఆఫర్ ఉందని వెళ్లావంటే ఊరుకోను. సూది చర్మం పొరలోనే పడాలి. లోతుకి వెళితే కండరం బలహీనపడి కొన్నాళ్లు నవ్వు వంకర పోతుంది. నాకున్న టెన్షన్ అంతా అదే. కాబట్టి ఈ ఆపరేషన్లు తెలిసిన ఈఎన్‌టీ దగ్గరే, ముందు ఆ అయోడిన్ పరీక్ష చేసి, చెమట పట్టే చోటుకి గుర్తులు పెట్టాకే. అయోడిన్ పడకపోతే, కండరాల జబ్బు ఏదైనా ఉంటే, రక్తం పలచబడే మందు వాడుతుంటే ముందే చెప్పు. పెళ్లికి నెల ముందే చేయించుకో. పని చేయడానికి కొన్ని రోజులు పడుతుంది, చాలకపోతే డాక్టరుకి మళ్లీ చూపించుకునే వ్యవధీ ఉంటుంది. నాకు ఎనిమిది నెలలు చెంప తడవలేదు. తర్వాత మళ్లీ వస్తుంది, మళ్లీ చేయించుకోవచ్చు.

సూది వద్దనుకుంటే గ్లైకోపైరోలేట్ పూత ఉంది, అదీ డాక్టరు రాస్తేనే. కంట్లో నీటికాసులు (గ్లకోమా) ఉన్నవాళ్లకి పనికిరాదు. రాసుకున్న చేత్తో కళ్లు ముట్టుకోకు. ఆ చోట మళ్లీ గడ్డ తగిలితే మాత్రం అది చెమట సంగతి కాదు, వెంటనే సర్జన్‌కి చూపించు.

అమ్మాయికి ఇప్పుడే చెప్పెయ్ బాబూ. పెళ్లి బంతిలో నీ పక్క విస్తరి నాకు ఉంచు. పులిహోర రెండోసారి వడ్డించేదాకా లేవను.

మీ పెద్దమ్మ