ఇద్దరు సీనియర్లు మానేసిన లా ఫర్మ్‌లో జూనియర్‌గా చేరవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఎల్‌ఎల్‌బీ పూర్తిచేసి ఇటీవలే బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుంది. ఏడుగురు న్యాయవాదులున్న ఒక చిన్న లా ఫర్మ్ జూనియర్‌గా రమ్మంటోంది. అయితే అక్కడ ఇద్దరు సీనియర్ అసోసియేట్లు (ఫర్మ్‌లో భాగస్వాములు కాని, అనుభవమున్న న్యాయవాదులు) ఒకరి వెంట ఒకరు మానేశారని, వారి స్థానంలో బయటి నుంచి ఒకరిని తీసుకున్నారని తెలిసింది. అలాంటి చోట చేరడం మంచిదేనా? – ఒక తండ్రి

సమాధానం: మీ సందేహం సహజమే. అయితే చిన్న ఫర్ములలో కొన్నేళ్లు పనిచేసినవారు సొంత ప్రాక్టీసు పెట్టుకోవడం, కంపెనీల న్యాయవిభాగాలకు వెళ్లడం, భాగస్వామిగా తీసుకోరని తేలాక వేరే దారి చూసుకోవడం మామూలే. అందువల్ల ఎవరు, ఎందుకు మానేశారని ఆరా తీయడం కన్నా, వారు చూస్తున్న ఫైళ్లు ఇప్పుడు ఎవరి చేతికి వచ్చాయో కనుక్కోమని మీ అమ్మాయికి చెప్పండి.

దానికి కారణం ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 3వ ఆర్డరు 4వ రూలు ప్రకారం, ఒకసారి దాఖలు చేసిన వకాల్తాను (తన తరఫున కేసు నడపమని న్యాయవాదికి కక్షిదారు రాసిచ్చే పత్రాన్ని) కక్షిదారు గానీ న్యాయవాది గానీ కోర్టు అనుమతితో రాతపూర్వకంగా రద్దు చేసుకునేవరకు అది అమలులోనే ఉంటుంది. అంటే న్యాయవాది ఆఫీసు మానేసినా, కోర్టు రికార్డులో ఆయన పేరు అలాగే మిగిలిపోవచ్చు. పద్ధతిగా నడిచే ఫర్మ్‌లో వకాల్తా మీద మొదటి నుంచే ఇద్దరు ముగ్గురి సంతకాలు ఉంటాయి, లేకుంటే పాత న్యాయవాది సమ్మతి తీసుకొని కొత్త వకాల్తా వేస్తారు, కేసుల డైరీలో ప్రతి వాయిదాకు ఎదురుగా హాజరు కావలసినవారి పేరు మార్చి రాస్తారు. పద్ధతి లేని చోట కౌంటరు (ఎదుటి పక్షానికి రాతపూర్వక జవాబు) వేయాల్సిన గడువు ముంచుకొచ్చిన ఫైలును నిన్న చేరిన జూనియర్ చేతిలో పెట్టి, వాయిదా అడిగి రమ్మంటారు. అలా ఏడాదంతా వాయిదాలు అడుగుతూ తిరిగితే వాదనా రాదు, డ్రాఫ్టింగూ పట్టుబడదు.

కనుక ఇంటర్వ్యూలో తనకు ఏ ఫైళ్లు ఇస్తారో, తాను రాసిన డ్రాఫ్టు ఎవరు దిద్దుతారో మర్యాదగానే అడగవచ్చు. దిద్దేది కొత్తగా వచ్చిన అసోసియేట్ అయితే, ఆయన సొంత కక్షిదారులను వెంట తెచ్చుకున్నారా అన్నదీ తెలుసుకోవాలి. అలా వచ్చినవారికి తమ కేసులు చూసుకోవడానికే పొద్దు చాలదు. (ఈ ప్రశ్నలకు విసుక్కునే ఫర్మ్ అయితే, జవాబు అందులోనే దొరికినట్లు.)

ఆఫర్ లేఖలో జీతం అన్న మాటకు బదులు రిటైనర్ (సేవలకు క్రమంగా ఇచ్చే ఫీజు) అనో, ప్రొఫెషనల్ ఫీజు అనో ఉంటే కంగారు పడవద్దు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళిలోని 49వ నియమం ప్రకారం, ప్రాక్టీసు చేసే న్యాయవాది సాధారణంగా పూర్తికాలపు వేతన ఉద్యోగిగా ఉండరాదు. జూనియర్లకు నగరాలలో నెలకు కనీసం రూ. 20,000, గ్రామీణ ప్రాంతాలలో రూ. 15,000 ఇవ్వాలని ఆ సంస్థ 2024 అక్టోబరులో సూచించింది గానీ, అది సిఫార్సు మాత్రమే. మానేశాక ఇన్నేళ్లపాటు ఇదే రంగంలో ప్రాక్టీసు చేయరాదన్న షరతు లేఖలో ఉంటే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం అది చెల్లదు. కక్షిదారుల రహస్యాలు కాపాడవలసిన బాధ్యత మాత్రం ఫర్మ్ మారినా పోదు.

ఆమెకు జడ్జి పరీక్ష రాసే ఆలోచన ఉంటే మరో విషయం కూడా చూడాలి. సివిల్ జడ్జి నియామకానికి కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ప్రాక్టీసును ధ్రువీకరించే న్యాయవాదికి కనీసం పదేళ్ల అనుభవం ఉండాలి. అసోసియేట్లు మారుతూనే ఉండే ఫర్మ్‌లో ఆ అర్హత ఉండి, మూడేళ్ల తరువాత కూడా అక్కడే ఉండగలిగేది చాలావరకు భాగస్వామే. అందుచేత ఆమె రోజువారీ పని ఆయనకు నేరుగా తెలిసే ఏర్పాటు ఉందో లేదో చేరకముందే కనుక్కోవాలి.