రెండు జాబితాలూ ఒకటే, కానీ ఫాల్స్ అంటోంది!

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె, తిరుపతిలో ఎంసీఏ చదువుతున్నా. మా నాన్న మామిడి లెక్కల కోసం జావాలో ప్రోగ్రాం రాశాను. నేను రాసుకున్న జాబితా క్లాసుతో చేసిన రెండు ఆబ్జెక్టుల్లో ఒకే కాయలు, ఒకే బరువులు ఉన్నా డబుల్ ఈక్వల్స్ (==) గుర్తుతో పోలిస్తే ఫాల్స్ (అంటే ఒకటి కావు అని) వస్తోంది. రెండు రోజులుగా ఒకటే టెన్షన్.
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: టెన్షన్ వద్దమ్మా, మీ డేటాలో తప్పేం లేదు. డబుల్ ఈక్వల్స్ గుర్తు చూసేది రెండు పేర్లూ మెమరీలో ఒకే వస్తువును చూపిస్తున్నాయా అని మాత్రమే. ఒకే లెక్కను రెండు పుస్తకాల్లో రాస్తే రాత ఒకటే, పుస్తకాలు రెండు కదా! రెండు వస్తువులు సమానమా అని చెప్పే ఈక్వల్స్ మెథడ్‌ను మీరు రాయకపోతే అదీ అంతే చేస్తుంది. కాబట్టి జాబితా క్లాసులో దాన్ని ఓవర్‌రైడ్ చేసి (అంటే మీ పద్ధతిలో మళ్లీ రాసి), లోపల కాయలను వరుసగా దాచే అర్రేలిస్టులను పోల్చమనండి.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు, అసలు చిక్కు ఆ తర్వాతే ఉంది. అర్రేలిస్ట్ ఒక్కో కాయనూ ఆ కాయ క్లాసులోని ఈక్వల్స్‌తోనే పోలుస్తుంది, అందుకని అక్కడా రకం, బరువు చూసేలా రాయాల్సిందే. రెండు క్లాసుల్లోనూ హ్యాష్‌కోడ్ (వస్తువును త్వరగా వెతకడానికి వాడే సంఖ్య ఇచ్చే మెథడ్) కూడా రాయండి, లేదంటే హ్యాష్‌సెట్‌లో (ఒకేలాంటివాటిని ఒక్కసారే ఉంచుకునే సెట్‌లో) వేసిన సరుకు వెతికితే దొరక్కపోవచ్చు. జావా 16 లేదా ఆపైది ఉంటే కాయను రికార్డ్‌గా (డేటా దాచడానికే ఉన్న పొట్టి క్లాసుగా) రాయండి, ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ రెండూ వాటంతటవే వస్తాయి.

వరుస కూడా ముఖ్యం. ఒకదాంట్లో తోతాపురి ముందు, ఇంకోదాంట్లో బేనీషా ముందు ఉంటే మళ్లీ ఫాల్సే. వరుసతో పని లేకపోతే కాపీలు తీసి, సార్ట్ చేసి పోల్చండి. సెట్‌లోకి మాత్రం మార్చకండి, ఒకే రకం ఒకే బరువున్న రెండు కాయలు ఒకటైపోయి నాన్నగారి లెక్క తప్పుతుంది.