బానెట్ ఎత్తి చూద్దాం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఎండలు మొదలయ్యాయి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో కారు వేడెక్కడం, ఏసీ చల్లగా రాకపోవడం గురించినవే ఎక్కువ. అందుకే వాటికే ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: మాది తొమ్మిదేళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఊళ్లో ఎంత తిప్పినా ఏమీ కాదు. హైదరాబాద్ బయల్దేరితే మాత్రం సూర్యాపేట దాటాక టెంపరేచర్ ముల్లు పైకెక్కుతోంది. ఒక మెకానిక్ రేడియేటర్ ఫ్యాన్ మార్చమంటున్నాడు. ఇంకొకతను థర్మోస్టాట్ పీకేస్తే సరిపోతుందంటున్నాడు. ఏం చేయమంటారు? (ఖమ్మం)

జవాబు: ప్రస్తుతానికి రెండూ చేయించకండి. వేడి ఎక్కడ ఎక్కుతోందన్నదే ఇక్కడ అసలు ఆధారం. ట్రాఫిక్‌లో, సిగ్నల్ దగ్గర ముల్లు లేస్తే ఫ్యాన్‌ని అనుమానించాలి. హైవే మీద వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది, ఫ్యాన్‌తో పెద్దగా పని ఉండదు. మీ కారు వేడెక్కేది అక్కడే కాబట్టి ఫ్యాన్ మీద డబ్బులు దండగ. అయినా తేల్చుకోవాలంటే బండి నిలిపి ఏసీ ఆన్ చేయండి. చాలా కార్లలో కాసేపట్లో ఫ్యాన్ తిరగడం మొదలవుతుంది. తిరగకపోతే మోటారు కంటే ముందు ఫ్యూజు, రిలే చూడమనండి.

హైవే మీద మాత్రమే వేడెక్కుతోందంటే ఇంజిన్ పుట్టించే వేడిని మోసుకెళ్లేంత కూలెంట్ తిరగడం లేదని అర్థం. రేడియేటర్ గొట్టాలు లోపల పూడిపోయి ఉండొచ్చు, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) సగమే తెరుచుకుంటూ ఉండొచ్చు, వాటర్ పంపు రెక్కలు తుప్పుపట్టి తినేసి ఉండొచ్చు. మన దగ్గర మొదటిదే ఎక్కువ. కూలెంట్ తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోస్తూ వస్తే అందులోని ఉప్పు గొట్టాల్లో తెల్లగా పేరుకుపోతుంది.

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున్నే రేడియేటర్ మూత తీయండి (వేడి మీద తీస్తే కూలెంట్ ఎగజిమ్మి ముఖం కాలుతుంది). కూలెంట్ తుప్పు రంగులో ఉన్నా, మూత లోపలివైపు జిగురు మడ్డి ఉన్నా రేడియేటర్ కథ సగం తెలిసినట్టే. మూత మీది రబ్బరు పగిలిందేమో కూడా చూడండి. మూత పైన 0.9 లేదా 1.1 అని అచ్చు ఉంటుంది. అది ఎంత ఒత్తిడి వరకు బిగించి ఉంచుతుందో చెప్పే అంకె. ఆ ఒత్తిడి నిలవడం వల్లే నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరగకుండా 118 దాకా ఆగుతాయి. రబ్బరు పోయిన మూత ఆ పని చేయలేదు. తక్కువ ఖర్చుతో పోయే భాగం కాబట్టి ముందు దీన్ని మార్చండి, కానీ పాత మూత మీదున్న అంకెదే కొనండి.

తర్వాత మూత పెట్టేసి ఇంజిన్ ఆడించండి. ముల్లు మామూలు చోటికి వచ్చి పది నిమిషాలయ్యాక రేడియేటర్ పై పైపు, కింది పైపు జాగ్రత్తగా తాకి చూడండి. ఫ్యాన్‌కీ బెల్టుకీ చెయ్యి దూరంగా ఉండాలి. పైది కాలుతూ కిందిది చల్లగానే ఉంటే థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదు, లేదా రేడియేటర్ పూడింది. థర్మోస్టాట్‌ని విప్పిస్తే గిన్నెలో నీళ్లు పోసి, అందులో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి కాచి చూడొచ్చు. దాని మీద 82 అనో 88 అనో అంకె ఉంటుంది. ఆ వేడి దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి. మొదలై, ఇంకాస్త కాచాక బాగా తెరుచుకుంటే అది బాగున్నట్టే, దోషం రేడియేటర్‌ది. తెరుచుకోకపోతే కొత్తది వేయించండి. పీకేసి వదిలేయడం మాత్రం వద్దు. థర్మోస్టాట్ లేని ఇంజిన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు, ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. ముల్లు దిగుతుంది, దాంతోపాటు మైలేజీ దిగుతుంది.

రేడియేటర్ కొద్దిగానే పూడితే ఫ్లష్ చేస్తే చాలు. పాత కూలెంట్ దింపి, డిస్టిల్డ్ వాటర్ నింపి, హీటర్ వేడి వైపు తిప్పి, కింది పైపు వేడెక్కేదాకా ఇంజిన్ ఆడించాలి. పూర్తిగా చల్లారాక దింపాలి. దింపిన నీళ్లు తేటగా వచ్చేదాకా ఇలా మళ్లీ మళ్లీ. చివర్లో ఒక చిక్కుంది. ఎంత దింపినా ఇంజిన్ బ్లాకులో కొంత నీరు మిగులుతుంది. అందుకని నీళ్లు కలిపే రకం కూలెంట్ అయితే మొత్తం కెపాసిటీలో సగం (నాలుగు లీటర్ల సిస్టమ్‌కి రెండు లీటర్లు) ముందు చిక్కటి కూలెంట్ పోసేయండి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. అప్పుడే సగంసగం పాళ్లు కుదురుతాయి. డబ్బా మీద రెడీ మిక్స్ అని ఉంటే అందులో చుక్క నీరు కలపకూడదు. కూలెంట్ రంగుని నమ్మకండి. ఆకుపచ్చలన్నీ ఒకటి కావు, మాన్యువల్‌లో రాసిన రకాన్నే కొనండి.

ఫ్లష్ చేసినా వేడి తగ్గకపోతే, చల్లటి ఇంజిన్‌కి మూత తీసి స్టార్ట్ చేసి రేడియేటర్ నోట్లోకి చూడండి. మొదట్లో నాలుగు బుడగలు రావడం మామూలే. ఆగకుండా వస్తూనే ఉంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ పైనున్న హెడ్‌కీ మధ్య ఉండే సీలు) పోయిందేమో చూపించాలి.

ఈలోగా దారిలో ముల్లు ఎర్రగీత వైపు వెళ్తే ఏసీ ఆపండి, హీటర్ ఫుల్లుగా పెట్టండి, కిటికీలు దింపి పక్కకి తీయండి. అయినా దిగకపోతే ఇంజిన్ ఆపేయండి. కాలుతున్న ఇంజిన్ మీద చన్నీళ్లు గుమ్మరించొద్దు, అల్యూమినియం హెడ్ బీటలిస్తుంది.

ప్రశ్న: ప్రతి మార్చిలో ఏసీ గ్యాస్ పట్టిస్తాం. దసరాకల్లా మళ్లీ చల్లదనం పోతుంది. కారు పాతబడితే ఇంతేనా? (రాజమహేంద్రవరం)

జవాబు: ఇంతే కాదు. ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లోనే తిరుగుతూ ఉంటుంది. రబ్బరు పైపుల్లోంచి ఏళ్ల తరబడి కొద్దిగా జారిపోవడం సహజమే కానీ ఆరు నెలల్లో ఖాళీ అయిందంటే ఎక్కడో లీకు ఉంది. దాన్ని వదిలేసి గ్యాస్ పడుతున్న షాపుకి మీరు ఏటా కప్పం కడుతున్నారు.

లీకు ఎక్కువగా కనిపించేది బంపర్ వెనకున్న కండెన్సర్‌లో (ఏసీ గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ, రాళ్లు తగిలేది దానికే), పైపుల జాయింట్ల దగ్గర ఓ-రింగుల్లో (రబ్బరు వలయాల్లో), కంప్రెసర్ షాఫ్టు సీలు దగ్గర, డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్‌లో. గ్యాస్‌తోపాటు కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంది కాబట్టి లీకున్న చోట దుమ్ము పట్టిన జిడ్డు మరక ఉంటుంది. టార్చి వేసి చూస్తే చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. దొరక్కపోతే నైట్రోజన్ నింపి ప్రెషర్ పడిపోతుందేమో చూడమనండి. కూలింగ్ కాయిల్ పోతే మాత్రం ఖర్చుకి సిద్ధపడండి. కాయిల్ కంటే డ్యాష్‌బోర్డు విప్పి బిగించే కూలీయే బరువుగా ఉంటుంది.

లీకు సరిచేశాక వాక్యూమ్ మెషిన్ కనీసం అరగంట ఆడాలి. లోపలి తేమ పోవడానికి అదొక్కటే దారి. మెషిన్ ఆపాక కాసేపు గేజు ముల్లు కదలకూడదు. అప్పుడు గ్యాస్‌ని తూకం ప్రకారం ఎక్కించాలి. ఎన్ని గ్రాములో, ఏ రకమో బానెట్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. చిన్న కార్లకి సాధారణంగా 300 నుంచి 500 గ్రాముల మధ్య. “కొంచెం ఎక్కువ పట్టించండి” అని మనవాళ్లు అడుగుతూ ఉంటారు. ఎక్కువైతే ప్రెషర్ పెరిగి చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది. పేరూ ఊరూ లేని చవక డబ్బా గ్యాస్ అసలే వద్దు, వాటిలో మండే గ్యాస్ కలిసినవి ఉంటాయి.

ఇంకోమాట. గ్యాస్ జోలికి వెళ్లేముందు గ్లోవ్ బాక్సు వెనక కేబిన్ ఫిల్టర్ తీసి చూడండి. అది దుమ్ముతో అట్టకట్టి ఉంటే గాలే రాదు, ఇక చల్లదనం ఎక్కణ్నుంచి వస్తుంది?

ప్రశ్న: ఎలుకలు ఇంజిన్ వైర్లు కొరికేస్తున్నాయి. పొగాకు కాడలు పెడితే పోతాయా? (తెనాలి)

జవాబు: నాలుగు రోజులు పోతాయి, వాసన తగ్గాక మళ్లీ వస్తాయి. బండి రోజూ కదిలితే, పక్కన చెత్తకుండీ, ధాన్యం బస్తాలు లేకపోతే సగం బెడద తగ్గుతుంది. కింద నుంచి ఎక్కే సందులకి సన్నటి ఇనుప జాలీ బిగించాలి, సైలెన్సర్‌కీ బెల్టుకీ తగలకుండా. కొరికిన వైరుని మెలేసి టేపు చుట్టి వదిలేయకండి. టంకం వేసి, హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి తగిలితే ముడుచుకుని వైరుని పట్టేసే గొట్టం) తొడిగించండి.

ప్రశ్న: విజయవాడలో 2021 మోడల్ కారు మంచి ధరకి వస్తోంది. బుడమేరు వరదలో మునిగిందేమోనని మా ఇంట్లో భయం. ఎలా కనిపెట్టాలి? (ఏలూరు)

జవాబు: భయపడటంలో తప్పులేదు. 2024 సెప్టెంబరు మొదట్లో సింగ్‌నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. పాలిష్ కొట్టి, సీటు కవర్లు మార్చి అమ్మితే పైకి తెలియదు.

సీటు బెల్టు చివరిదాకా లాగండి. రోజూ బయటికి రాని ఆ చివరి జానెడు మీద బురద గీత కడగడం చాలామంది మర్చిపోతారు. నాలుగు బెల్టుల్లో ఒకటే కొత్తగా మెరుస్తున్నా అడగాల్సిందే. సీటు కింద చెయ్యిపెట్టి స్ప్రింగులు, పట్టాలు తడమండి. మామూలుగా కారు లోపలి భాగానికి అంత తుప్పు పట్టదు. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంత మూలలు, కార్పెట్ ఎత్తి కింది ఫోమ్ చూడండి. స్టీరింగ్ కింద స్కానర్ గుచ్చే సాకెట్ పిన్నుల మీద ఆకుపచ్చ చిలుం ఉంటే అక్కడిదాకా నీళ్లు వచ్చినట్టే. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కాసేపటికి ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో దాన్ని కావాలనే ఆర్పేసి ఉండొచ్చు.

కాగితాల్లో పాత ఇన్సూరెన్స్ పాలసీ అడగండి. 2024 తర్వాత నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) సున్నాకి పడిందంటే ఏదో క్లెయిమ్ జరిగి ఉండొచ్చు. అదేమిటో అమ్మేవాళ్లు చెప్పాలి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో నంబరు ఇచ్చి ఆ సెప్టెంబరు, అక్టోబరు నెలల రికార్డు తీయించండి. వరద కారుతో వచ్చే చిక్కేమిటంటే ఇంజిన్ బాగుచేసినా వైరింగ్ జాయింట్ల లోపల తుప్పు మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. ఏడాది తర్వాత ఒకరోజు పవర్ విండో, ఇంకోరోజు ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) పోతాయి. అనుమానం తీరకపోతే ధర ఎంత తగ్గించినా వదిలేయడమే నా సలహా.

ప్రశ్న: ఇథనాల్ 20 శాతం కలిపిన పెట్రోల్ నా 2012 కారుకి ప్రమాదమా? మైలేజీ తగ్గినట్టుంది. (నిజామాబాద్)

జవాబు: మైలేజీ తగ్గడం మీ భ్రమ కాదు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్‌లో ఉండే దాంట్లో దాదాపు మూడింట రెండు వంతులే. లెక్కన 18 ఇచ్చే బండి 17 దగ్గర ఆగుతుంది. అంతకంటే బాగా పడిపోతే ఇథనాల్‌ని తిట్టడం ఆపి స్పార్క్ ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, టైర్లలో గాలి చూడండి.

ఇంజిన్ వెంటనే పాడైపోదు కానీ మీది ఈ పెట్రోల్ కోసం చేసిన బండి కాదు. దీన్ని తట్టుకునే రబ్బరు, ప్లాస్టిక్ భాగాలతో కార్లు రావడం 2023 ఏప్రిల్ నుంచి తప్పనిసరైంది. పాత రబ్బరు పైపులు ఉబ్బి, తర్వాత బిరుసెక్కి పగులుతాయి. కాబట్టి ప్రతి సర్వీసులో బండిని లిఫ్టు ఎక్కించినప్పుడు ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా ఫ్యూయల్ పైపు వేళ్లతో నొక్కుతూ చూడమనండి. పెట్రోల్ వాసన వస్తే ఆ రోజే మార్పించాలి. ఇథనాల్ పాత ట్యాంకు అడుగున ఉన్న జిగురుని కరిగిస్తుంది, అది వెళ్లి ఫిల్టర్‌లో పడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు బండి గుంజుతుంటే ముందు ఫిల్టర్ మార్పించండి. ఇథనాల్ తేమని లాగుతుంది కాబట్టి నెలల తరబడి అదే పెట్రోల్ ట్యాంకులో ఉంచవద్దు.

ప్రశ్న: పది రోజులు ఊరెళ్లొస్తే సెల్ఫ్ తిరగడం లేదు. కొత్త బ్యాటరీ వేయించినా అదే తంతు. (విశాఖపట్నం)

జవాబు: బ్యాటరీది తప్పు కాదు, బండి ఆగి ఉన్నప్పుడు ఏదో కరెంటు తాగుతోంది. అయినా ముందుగా ఆల్టర్నేటర్ (ఇంజిన్ ఆడేటప్పుడు బ్యాటరీకి ఛార్జి ఎక్కించేది) చూసుకోండి. ఇంజిన్ ఆడుతుండగా బ్యాటరీ మీద మల్టీమీటర్ 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య చూపించాలి. రాత్రంతా ఆగాక 12.6 ఉంటే ఫుల్లు, 12.2 అంటే సగం.

తర్వాత అసలు పరీక్ష. మీటర్‌ని 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, నెగెటివ్ టెర్మినల్ విప్పి, ఆ పోస్టుకీ కేబుల్‌కీ మధ్య కలపండి. అలా ఉండగా సెల్ఫ్ కొడితే మీటర్ ఫ్యూజు పోతుంది, జాగ్రత్త. డోర్లు వేసి లాక్ చేసి అరగంట ఆగండి, లోపలి కంప్యూటర్లు నిద్రపోవడానికి ఆ టైమ్ కావాలి. మీటర్ 50 మిల్లీఆంపియర్ల లోపు చూపిస్తే మామూలే. 300 చూపిస్తే రోజుకి 7.2 ఆంపియర్ అవర్లు పోతున్నట్టు, 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అయిదు రోజుల్లో ఖాళీ. అప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోండి. ఏది తీస్తే అంకె పడిపోతుందో దొంగ ఆ లైన్లోనే ఉన్నాడు. బయట పెట్టించిన డ్యాష్ కెమెరా, జీపీఎస్, ఆండ్రాయిడ్ స్టీరియో ఉంటే ముందు వాటి ఫ్యూజులే తీయండి.

దొరికేదాకా ఊరెళ్లేటప్పుడు నెగెటివ్ టెర్మినల్ విప్పి వెళ్లండి. పక్కింటివాళ్లతో వారానికోసారి అయిదు నిమిషాలు స్టార్ట్ చేయించడం వల్ల లాభం లేదు. నిలబెట్టి ఆడించడం కాదు, అరగంట నడిపితేనే ఛార్జి ఎక్కుతుంది.

ప్రశ్న: టైర్లలో నైట్రోజన్ తప్పనిసరా? ఎండాకాలంలో గాలి తగ్గించాలంటారు, నిజమేనా? (కర్నూలు)

జవాబు: మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఉచితంగా వస్తే పట్టించండి, డబ్బులిచ్చి అక్కర్లేదు. గాలి తగ్గించడం మాత్రం ఎండాకాలంలో చేయగల అతి చెడ్డ పని. గాలి తక్కువున్న టైరు పక్కలు ఎక్కువగా వంగి, ఆ వేడికే పగులుతాయి. డ్రైవర్ డోర్ తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది. దానిమీద ఉన్న అంకె పొద్దున్నే, బండి కదలకముందు కొలవాల్సింది. ప్రయాణంలో 3, 4 పాయింట్లు పెరగడం సహజం, బంకులో ఆగి దాన్ని తీసేయకండి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర కూడా చూసుకోండి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. గాడి 1.6 మిల్లీమీటర్లకి దిగితే చట్టప్రకారం మార్చాల్సిందే. గాడి ఎంత లోతున్నా రబ్బరు మీద సన్నటి పగుళ్లు కనిపిస్తే హైవే ఎక్కించకండి, స్టెప్నీ కూడా ఇదే లెక్క.