శ్రీలంకలో అడవులు, ఇద్దరు రిటైర్డ్ మనుషులు, తక్కువ ఖర్చు: పార్కులు తగ్గించండి, సఫారీలు కాదు

ప్రశ్న క్లుప్తంగా: విశాఖలో ఉండే దంపతులు. ఆయనకు 66, ఆవిడకు 61. శ్రీలంకలో ఏనుగులు, చిరుతలు చూడాలని ఉంది. ఏజెంటు ఏడు రాత్రుల్లో అయిదు పార్కులు తిప్పుతానంటున్నాడు, ఖరీదు ఎక్కువగా ఉంది. ఆవిడకు మోకాళ్ల నొప్పి. సొంతంగా వెళ్లొచ్చా?

నిక్షేపంగా వెళ్లొచ్చు. ముందు ఆ అయిదు పార్కుల కాగితం పక్కన పడేయండి. లంకలో గది, భోజనం చవకే. డబ్బు కరిగేది జీపు అద్దె దగ్గర, ఊరు మారే కారు దగ్గర. పార్కు మారినప్పుడల్లా సగం రోజు రోడ్డు మీదే పోతుంది, మోకాళ్లు బిగుసుకుపోతాయి, తీరా వెళ్లాక ఒక్క సఫారీతో సరిపెట్టుకోవాలి. ఆ ఒక్కసారీ చిరుత కనిపించకపోతే ఇక అంతే. మీకు ఉడవలవె, యాల చాలు. రెండూ దక్షిణానే, దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఒక్కోచోట మూడేసి రాత్రులు, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఎయిర్‌పోర్టు దగ్గర నెగొంబోలో ఒక్కో రాత్రి. మొత్తం ఎనిమిది.

నెల విషయంలో ఫిబ్రవరి, మార్చి నా ఓటు. అప్పటికి యాలలో నీటి గుంటలు ఎండడం మొదలై జంతువులు మిగిలిన నీళ్ల దగ్గరికి చేరతాయి. ఎండకు భయం లేకపోతే జూన్ కూడా మంచిదే. పాలపళ్లు పండే రోజులవి, ఎలుగుబంట్లు ఆ చెట్ల చుట్టూనే తిరుగుతాయి. సెప్టెంబరు మాత్రం వద్దు. కరువు రోజులని యాలలో ఎక్కువమంది వెళ్లే భాగాన్ని, అంటే మొదటి బ్లాకును, మామూలుగా సెప్టెంబరు నుంచి అక్టోబరు మధ్య దాకా మూసేస్తారు. ఆగస్టు, సెప్టెంబరు తప్ప కుదరదంటే యాల వదిలి మిన్నేరియ పార్కు దగ్గరున్న హబరన ఊరికి వెళ్లండి. మిన్నేరియ చెరువు తగ్గి గడ్డి మొలిచే కాలంలో ఏనుగులు గుంపులుగా చేరేది అక్కడే. కానీ చెరువులో నీళ్లు తగ్గకపోతే అవి పక్కనున్న కౌడుల్ల, హురులు పార్కుల్లో దేనికో పోతాయి. అందుకే పార్కు పేరుతో ముందే బుక్ చేయకుండా, ఆ ఉదయం ఎక్కడున్నాయో హబరన డ్రైవర్లనే అడగాలి. ఇక అక్టోబరు, నవంబరుల్లో మన తీరానికి తుపాన్లు, రైళ్ల రద్దు. పైగా నవంబరంటే పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ పని ఒకటి.

విశాఖ నుంచి చెన్నైకి రైలు, అక్కణ్ణుంచి కొలంబోకు గంటన్నర లోపు విమానం. సీనియర్లకు రైలు టికెట్‌లో రాయితీ 2020లోనే ఎత్తేశారు గానీ లోయర్ బెర్తు కోటా ఉంది. మగవాళ్లకు 60, ఆడవాళ్లకు 45 దాటితే చాలు. ఒక టికెట్ మీద ఒకరో ఇద్దరో సీనియర్లు మాత్రమే ఉండాలి. అదే టికెట్లో అబ్బాయి పేరు కూడా చేర్చారా, ఆ కోటా వర్తించదు. రైలు దిగిన రోజే విమానం పెట్టుకోకండి. ఆలస్యమైతే టికెట్ డబ్బు గంగపాలే.

వీసా అనుమతిని (ఈటీఏ అంటారు) శ్రీలంక ప్రభుత్వ సైటులోనే తీసుకోండి. అచ్చం అలాగే కనిపించే ఏజెంట్ల సైట్లు అదనంగా వసూలు చేస్తాయి. మన ఆడవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు తరచూ పుట్టింటిదే ఉంటుంది, ఆధార్‌లో అత్తింటిది. విమాన టికెట్‌లోనూ ఈటీఏలోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయండి. ఇంకో మాట: విదేశీ టూర్‌ని ప్యాకేజీగా కొంటే అమ్మేవాళ్లు టీసీఎస్ అనే పన్ను ముందే పట్టుకుంటారు. పన్ను పడని పెన్షనర్లు దాన్ని వెనక్కి రప్పించుకోవాలంటే రిటర్ను వేయాల్సిందే. విడివిడిగా గది, జీపు మీరే మాట్లాడుకుంటే ఆ బెడద లేదు.

ఇక జీపు సంగతి. పార్కు దగ్గర మీరు కట్టేది ఒకటి కాదు: మనిషికి టికెట్, జీపు మొత్తానికి సర్వీస్ ఛార్జి, వాహనం ఫీజు, పైన 18 శాతం వ్యాట్. ఇవి కాక జీపు అద్దె వేరే. టికెట్ తలకింత; సర్వీస్ ఛార్జి, వాహనం ఫీజు, అద్దె జీపుకింత. అద్దె 15,000 లంక రూపాయలనుకుంటే ఇద్దరికైతే తలకు 7,500, ఆరుగురికైతే 2,500. కాబట్టి దిగిన రోజే గెస్ట్‌హౌస్ ఓనరుతో "రేపు పొద్దున్న సఫారీకి ఇంకెవరైనా కలుస్తారా" అని అడగండి. ఉడవలవెలో పంచుకోండి, యాలలో ఒకసారి పంచుకుని ఒకసారి సొంతంగా తీసుకోండి. భారతీయులకు సార్క్ (దక్షిణాసియా దేశాల కూటమి) రేటు ఉంది, మామూలు విదేశీయుల కన్నా తక్కువ. అసలు పాస్‌పోర్టు కౌంటర్లో చూపించాలి. గదిలో మరచిపోతే పూర్తి రేటు కట్టాలి.

జీపు ఎక్కే ముందు దాని వెనక్కి వెళ్లి మెట్టు చూడండి. చాలావాటికి మొదటి మెట్టు నేల నుంచి మోకాలెత్తుకు పైనే ఉంటుంది. చేత్తో పట్టుకోవడానికి కడ్డీ రెండు వైపులా ఉందో లేదో చూడండి. లేకపోతే "చిన్న స్టూల్ తీసుకురండి" అని ముందురోజే చెప్పండి, తెస్తారు. కూర్చునేది డ్రైవరు వెనక వరసలో. చివరి వరస వెనక చక్రాల మీదో, ఇంకా వెనకో ఉంటుంది. గుంటలో చక్రం పడినప్పుడల్లా నడుముకు దెబ్బ అక్కడే తగులుతుంది. కింద వేసుకోవడానికి మడత దిండు ఒకటి తీసుకెళ్లండి.

సఫారీ నాలుగు గంటలు. మధ్యలో జీపు దిగనివ్వరు. యాలలో పటనంగల బీచి దగ్గర మాత్రం దిగొచ్చు, 2004 సునామీ స్మారకం ఉన్న చోటు. బీపీకి నీళ్ల మాత్ర (మూత్రం ఎక్కువగా వచ్చేది) వేసుకునేవాళ్లు ఆ పూట ఎప్పుడు వేసుకోవాలో బయల్దేరే ముందే డాక్టర్ని అడగాలి. ఈ చిన్న సంగతే చాలామంది పొద్దుటి సఫారీని పాడుచేస్తుంది.

యాలలో జనం విసుక్కునేది జీపుల రద్దీని. లంకలో పెద్దపులి లేదు, చిరుతే మహరాజు. మొదటి బ్లాకులో అవి దట్టంగా ఉంటాయి. ఒకటి కనిపించగానే డ్రైవర్లు ఫోన్లు చేసుకుంటారు, అన్ని జీపులూ అక్కడికే పరిగెడతాయి. దుమ్ములో మీకు కనిపించేది ముందు జీపు టైరే. "చిరుత చూపిస్తే ఎక్స్‌ట్రా ఇస్తాం" అని మాత్రం అనకండి. ఆ మాటతోనే బండి పరుగు మొదలవుతుంది. "మెల్లగా పోదాం, నీళ్ల దగ్గర ఆగుదాం" అని ఎక్కకముందే చెప్పండి. పాలటుపన గేటు కన్నా కటగమువ గేటు దగ్గర రద్దీ తక్కువ. శని, ఆదివారాలు, పౌర్ణమి సెలవులు, ఏప్రిల్ నడుమ వచ్చే వాళ్ల కొత్త సంవత్సరం తప్పించుకోండి.

ఉడవలవెలో అంత హడావుడి ఉండదు. జలాశయం చుట్టూ గడ్డినేల, ఏడాది పొడుగునా ఏనుగులు. దంతాలు లేవని ఆడ ఏనుగు అనుకోకండి, లంకలో మగవాటిలో కూడా దంతాలున్నవి చాలా కొద్ది. తల్లి లేని గున్నల్ని పెంచి అడవికి వదిలే ట్రాన్సిట్ హోమ్ 1995 నుంచి అక్కడే ఉంది. పాలు పట్టే వేళకు వెళితే తక్కువ ఖర్చులో మంచి గంట గడుస్తుంది. దూరం నుంచి చూడటమే, ముట్టుకోనివ్వరు, అదే దాని గొప్ప. తనమల్విల రోడ్డు పక్కన కరెంటు కంచె దగ్గర నిలబడి పళ్లకోసం చూసే ఏనుగులు కనిపిస్తాయి. పెట్టకండి. ఆ అలవాటే వాటిని రోడ్డెక్కించి మనుషుల మీదికి తెస్తోంది.

బస్సులో అయితే కొలంబో నుంచి ఎంబిలిపిటియ, అక్కణ్ణుంచి ఉడవలవె 20 కిలోమీటర్ల దూరం. కానీ ఉడవలవె నుంచి యాల దగ్గరున్న తిస్సమహారామ ఊరికి కారే మాట్లాడుకోండి. సామానుతో బస్సులు మారి ఆదా చేసేది మోకాలి నొప్పి మాత్రలకే పోతుంది. తిస్సలో సాయంత్రాలు చెరువు గట్టు మీద కూర్చుంటే పక్షులు ఉచితం.

మీరు శాకాహారులైతే కొబ్బరి సంబోల్ (వాళ్ల కొబ్బరి పచ్చడి) దగ్గర జాగ్రత్త. అందులో ఎండుచేప పొడి కలుపుతారు, ఉంబలకడ అంటారు. పప్పులో కూడా ఒక్కోసారి వేస్తారు. ఆ పేరు చెప్పి వద్దనండి, వెంటనే అర్థమవుతుంది.

బైనాక్యులర్ కొంటే 8×42, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, తీసుకోండి. పది రెట్లదైతే చేతి వణుకు కూడా పదింతలు కనిపిస్తుంది. కళ్లజోడు వాడేవాళ్లు కంటి దగ్గరి రబ్బరు రింగు లోపలికి తిప్పేయాలి, లేకపోతే చుట్టూ నల్లగా కనిపిస్తుంది. వెళ్లే ముందు నాలుగు ఉదయాలు కంబాలకొండలో పిట్టల మీద ఫోకస్ సాధన చేయండి. లంకలో ఇప్పుడు మలేరియా లేదు, 2016లోనే డబ్ల్యూహెచ్‌వో ధ్రువీకరించింది. డెంగీ ఉంది, పగటిపూట కూడా దోమల క్రీము రాసుకోండి. సింహరాజ అడవి ఎంత అందమైనదైనా ఈసారికి వదిలేయండి. వాలు దారులు, జలగలు. ఆయన రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే జలగ కుట్టిన చోట రక్తం ఓ పట్టాన ఆగదు.