ఏ ఫైలు దగ్గర ఎక్కువసేపు కూర్చుంటున్నాడో చూడండి

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు. ఏడాదిన్నరగా ‘సివిలైజేషన్ 2’ అనే పాత కంప్యూటర్ గేమ్ పట్టుకుని కూర్చుంటున్నాడు. ఆడటం కాదట, దాంట్లో రోమ్‌కీ కార్తేజ్‌కీ జరిగిన యుద్ధం మీద సొంతంగా ‘సినారియో’ తయారు చేస్తున్నాడట. రాత్రి ఒంటిగంట దాకా గదిలో లైటు వెలుగుతూనే ఉంటుంది. ఏ కోర్సులో చేరతావని అడిగితే ‘ఇలాంటి పనే చేస్తాను’ అంటున్నాడు. వాడు పుట్టకముందు వచ్చిన గేమ్‌తో ఏం ఉద్యోగం వస్తుంది? మాన్పించాలా? వాడి నోటు పుస్తకంలో రెండు పేజీలు ఫొటో తీసి పంపుతున్నాను, ఏమైనా అర్థమవుతుందేమో చూడండి. – ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆ ఫొటోలు పంపి చాలా మంచి పని చేశారు. ఉత్తరం కంటే వాటినే ఎక్కువసేపు చూశాను.

రెండో పేజీ తీయండి. పైన ‘కానే, క్రీ.పూ. 216’ అని రాసి, కింద రెండు అంకెలు వేశాడు. ఒకవైపు 70,000. ఇంకోవైపు 48,200. రెండింటి మధ్య పెద్ద ప్రశ్నార్థకం. దాని కింద ‘ఎన్ని లీజియన్లు పెట్టాలి? 8? 6?’ అని రాసి, 8 కొట్టేసి, పక్కనే మళ్లీ 8 రాశాడు. లీజియన్ అంటే రోమన్ సైన్యంలో ఒక పెద్ద దళం.

ఆ రెండు అంకెలూ రోమ్‌కీ, ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌కీ మధ్య జరిగిన కానే యుద్ధంలో ఒక్కరోజులో చనిపోయిన రోమన్ సైనికుల లెక్కలు. మొదటిది గ్రీకు చరిత్రకారుడు పాలీబియస్ ఇచ్చినది. రెండోది రోమన్ చరిత్రకారుడు లివీ చెప్పిన కాల్బలాన్నీ గుర్రపు దళాన్నీ కలిపితే వచ్చేది. ఒకే యుద్ధం గురించి ఇద్దరు పెద్ద చరిత్రకారులకు ఇరవై వేల పైచిలుకు తేడా ఉందని మీవాడు గమనించాడు. ఎవరిని నమ్మాలో తేల్చుకుంటే తప్ప పటం మీద సైన్యాన్ని పెట్టలేడు కాబట్టి, ఆ తేడా దగ్గర ఆగిపోయాడు. చరిత్రలో డిగ్రీకి చేరిన పిల్లలకు అధ్యాపకులు పట్టుబట్టి నేర్పే పని ఇది. వీడు ఎవరూ చెప్పకుండా చేస్తున్నాడు.

అందుకని మాన్పించొద్దు. అలాగని ఇప్పుడున్నట్టే వదిలెయ్యొద్దు కూడా. ఎందుకో చెప్పాలంటే ఈ సినారియో అంటే ఏమిటో మీకు కొంచెం తెలియాలి.

సివిలైజేషన్ 2 గేమ్‌ను మైక్రోప్రోస్ అనే కంపెనీ 1996లో విడుదల చేసింది. చదరంగంలాగా ఒకరి తర్వాత ఒకరు ఎత్తు వేసే రకం, ఒక్కో వంతును టర్ను అంటారు. మామూలుగా ఆడితే ఒక ఊరు కట్టడంతో మొదలుపెట్టి నాగరికతను వేల ఏళ్లు నడిపిస్తారు. దీని ప్రత్యేకత ఏమిటంటే, నియమాలన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లలో ఉంటాయి. ఏ సైనికుడి దాడి బలం ఎంత, రక్షణ ఎంత, ఎన్ని గళ్లు కదలగలడు, తయారు కావడానికి ఎంత ఖర్చు, ఏ విద్య తర్వాత ఏ విద్య వస్తుంది, అన్నీ నోట్‌ప్యాడ్‌లో తెరిచి మార్చుకోవచ్చు. బొమ్మలు కూడా అంతే, సైనికుడికి 64 బై 48 చుక్కల చిన్న గడి. ఇవన్నీ మార్చి, చరిత్రలోని ఒక ఘట్టాన్ని ఆడేలా తయారు చేసుకున్నదే సినారియో. గేమ్‌తో పాటే రోమ్ మీద ఒకటి, రెండో ప్రపంచ యుద్ధం మీద ఒకటి సినారియోలు ఇచ్చారు. అదే ఏడాది వచ్చిన అదనపు డిస్కులో ‘ఇది జరిగితే అది చెయ్యి’ అని రాసుకునే చిన్న ఈవెంట్ల భాషను జోడించారు. అప్పటి నుంచి అభిమానులు చరిత్రలోని ఎన్నో యుద్ధాలను, సామ్రాజ్యాలను ఇందులో కట్టుకుంటూనే ఉన్నారు. గేమ్ పాతదైపోయినా ఆ పని ఆగలేదు.

ఇప్పుడు మొదటి పేజీకి రండి. అందులో ఉన్న హానిబాల్ కార్తేజ్ సేనాధిపతి. ‘హానిబాల్ 14వ టర్నులో రోమ్ పట్టేశాడు. తప్పు’ అని రాసి ఉంది. కింద ‘మళ్లీ: 17వ టర్ను. తప్పు’. ఇంకా కింద, ‘గోడలు పెంచితే ఆగాడు. కానీ ఇది కారణం కాదు. మనుషులు ఎక్కడి నుంచి వస్తున్నారు?’

ఈ ఒక్క వాక్యం కోసమే మీకు ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను.

జరిగిన చరిత్రలో హానిబాల్ ఆల్ప్స్ దాటి ఇటలీలో దిగేసరికి అతని దగ్గర మిగిలింది 20,000 కాల్బలం, 6,000 గుర్రపు దళం. వరసగా గెలిచాడు. కానేలో రోమ్ సైన్యాన్ని తుడిచిపెట్టేశాడు. అయినా రోమ్ నగరం అతని చేతికి రాలేదు. చివరికి క్రీ.పూ. 202లో జామా దగ్గర ఓడిపోయాడు. గేమ్‌లో మాత్రం సైన్యం పోయిన వెంటనే రాజధాని పడిపోతోంది. దీన్ని ఆపడానికి సులువైన దారి గోడలు. ఈ గేమ్‌లో నగరం చుట్టూ గోడ ఉంటే నేల మీద నుంచి వచ్చే దాడికి రక్షణ మూడు రెట్లవుతుంది. మీవాడు అది పెట్టి చూశాడు, పనిచేసింది, అయినా ఒప్పుకోలేదు. ఫలితం సరిపోయింది గానీ కారణం సరిపోలేదు. అసలు కారణం మనుషుల బలం. రోమ్, దాని మిత్ర ప్రాంతాలు కలిపితే ఆయుధం పట్టగలిగిన వాళ్లు 7 లక్షల మంది కాల్బలం, 70 వేల మంది గుర్రపు దళం ఉన్నారని క్రీ.పూ. 225 నాటి లెక్కగా పాలీబియస్ రాశాడు. ఒక సైన్యం పోతే ఇంకో సైన్యం లేచేది.

దీన్ని గేమ్‌కు చెప్పాలంటే ఈవెంట్ల ఫైలులో ‘కార్తేజ్ చేతిలో రోమన్ లీజియన్ ఒకటి పోతే, రోమ్ దగ్గర కొత్త లీజియన్‌ను పుట్టించు’ అని రాయాలి. మీవాడు బహుశా ఈపాటికి అక్కడికి చేరి ఉంటాడు. చేరితే కొత్త చిక్కు వస్తుంది: ఇక హానిబాల్ ఎప్పటికీ గెలవలేడు, అప్పుడు అది ఆటే కాదు. నా మాటగా వాడికి ఒకటి చెప్పండి. క్రీ.పూ. 215లో రోమ్ తన పౌరుల మీద యుద్ధపన్ను రెట్టింపు చేసింది. కొత్త లీజియన్ పుట్టినప్పుడల్లా ఖజానాలోంచి బంగారం తగ్గేలా రాసుకుంటే, రోమ్ నిలబడుతుంది గానీ ఊరికే నిలబడదు.

ఇలా కారణాన్ని పట్టుకుని దాన్ని నియమంగా రాసి, నడిపి చూసి, తప్పని తేలితే మళ్లీ రాయడాన్ని మోడలింగ్ అంటారు. వాతావరణం, ట్రాఫిక్, అంటువ్యాధులు, సరుకు రవాణా, అన్నిచోట్లా ఈ పని చేసేవాళ్లు కావాలి. యుద్ధాన్ని ఆటగా నడిపి నేర్చుకోవడం కూడా కొత్తేమీ కాదు, అమెరికా నేవల్ వార్ కాలేజీలో 1887 నుంచి చేస్తున్నారు.

అయితే ఏ కోర్సు? ఇక్కడ నేను చాలామంది తల్లిదండ్రులతో విభేదిస్తాను. గేమ్ అంటే ఇష్టం అనగానే గేమ్ డిజైన్ కోర్సు బ్రోషర్లు తెచ్చి పెడతారు. తొందరపడొద్దు. సినారియో అనేది ఐదారు రకాల పనుల మూట. మీవాడికి అందులో ఏది ఇష్టమో వాడికే ఇంకా తెలిసి ఉండదు. అందుకే ఒక నెల పాటు గమనించమంటాను. రాత్రి తలుపు తోసి చూసినప్పుడు తెర మీద ఏ ఫైలు తెరిచి ఉంటోంది?

నియమాల ఫైలు అయితే, అంటే అంకెల వరసలు పెట్టుకుని 4ను 5 చేసి మళ్లీ ఆడి చూస్తూ ఉంటే, వాడి మనసు లెక్కల్లో, వ్యవస్థల్లో ఉంది. గణాంకశాస్త్రం, ఆర్థికశాస్త్రం, ఆపరేషన్స్ రీసెర్చ్ (ఉన్న వనరులతో మేలైన నిర్ణయాన్ని లెక్కగట్టే శాస్త్రం) వైపు చూడాలి. గేమ్ కంపెనీల్లో సిస్టమ్స్ డిజైనర్ అనే ఉద్యోగానికి కూడా కావలసింది ఇదే బుర్ర. నోటు పుస్తకం చూస్తే నాకు ఇటే మొగ్గు కనిపిస్తోంది, కానీ రెండు పేజీలతో తీర్పు చెప్పకూడదు.

ఈవెంట్ల ఫైలు అయితే కంప్యూటర్ సైన్స్. కాకపోతే ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ పాత ఈవెంట్ల భాష ఎంత బాగా వచ్చినా దాన్ని చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. అక్కడ నేర్చుకున్న ఆలోచనను ఇప్పుడు వాడకంలో ఉన్న భాషలోకి తెచ్చుకోవాలి. దారి దగ్గర్లోనే ఉంది. ఇదే వరసలో వచ్చిన సివిలైజేషన్ 4లో మార్పులు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో చేస్తారు. 5, 6లలో లూవా అనే ఇంకో భాష. పైథాన్ వస్తే ఆటల బయట కూడా వంద పనులకు పనికొస్తుంది.

పటం దగ్గరే గంటలు గడుపుతుంటే, ఏ కనుమ ఎక్కడుంది, ఏ నది ఎటు తిరుగుతుంది అని గడి గడికీ వెతుకుతుంటే, భూగోళశాస్త్రం, జీఐఎస్ (కంప్యూటర్‌లో పటాల మీద సమాచారాన్ని పెట్టి విశ్లేషించే విద్య). ఇది చాలామందికి తట్టని దారి, కానీ చక్కటి దారి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2012లో ‘ఆర్బిస్’ అని ఒకటి తెచ్చారు. రోమన్ సామ్రాజ్య కాలంలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఏ నెలలో, ఏ దారిన వెళ్తే ఎన్ని రోజులు, ఎంత ఖర్చు అనేది లెక్కగట్టి చూపిస్తుంది. చరిత్ర వాళ్లు, కంప్యూటర్ వాళ్లు కలిసి చేసిన పని. దాన్ని ఈ రాత్రే మీవాడికి చూపించండి. వాడి కళ్లు చూస్తే మీకే తెలిసిపోతుంది.

బొమ్మలు గీయడమే ఇష్టమైతే పిక్సెల్ ఆర్ట్, గ్రాఫిక్స్. సైనికుల గురించి, నగరాల గురించి వివరాలు రాయడం మీద ప్రేమ ఉంటే చరిత్ర, పురావస్తు శాస్త్రం, మ్యూజియం చదువులు.

గేమ్ కంపెనీ ఉద్యోగం గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. అభిమానిగా మొదలుపెట్టి అక్కడికి చేరినవాళ్లు ఉన్నారు. జాన్ షేఫర్ సివిలైజేషన్‌కు మోడ్‌లు, అంటే అభిమానులు గేమ్‌కు సొంతంగా చేసే మార్పులు, చేస్తూ వచ్చి, ఫిరాక్సిస్ కంపెనీలో చేరి, 2010లో వచ్చిన సివిలైజేషన్ 5కు లీడ్ డిజైనర్ అయ్యాడు. సివిలైజేషన్ 4 మీద ‘ఫాల్ ఫ్రమ్ హెవెన్’ అనే మోడ్ చేసిన డెరెక్ పాక్స్‌టన్‌ను స్టార్‌డాక్ కంపెనీ తీసుకుంది. ఈ పేర్లు మీవాడికి ముందే తెలిసి ఉంటాయి. కానీ వాళ్లలాగే శ్రద్ధగా పనిచేసి, వేరే ఉద్యోగాలు చేసుకుంటూ దీన్ని ఇష్టంగా ఉంచుకున్నవాళ్లే ఎక్కువ. అందుకని చదువు అనేది గేమ్ కంపెనీ పిలవకపోయినా నిలబెట్టేదిగా ఉండాలి. పైన చెప్పినవన్నీ అలాంటివే.

ఇక మీరు పట్టుబట్టాల్సిన విషయాలు. సినారియోను పూర్తి చెయ్యమనండి. సగంలో ఉన్న గొప్ప సినారియో కంటే పూర్తయిన మామూలు సినారియో ఎన్నో రెట్లు మేలు, ఎందుకంటే సగంలో ఉన్నదాన్ని ఎవరూ ఆడి చూడలేరు. పరీక్షలకు రెండు నెలల ముందు ఒక తేదీ పెట్టుకుని, ఆ రోజుకు ఎలా ఉంటే అలా విడుదల చెయ్యమనండి. ఆ తర్వాత పరీక్షలయ్యేదాకా ముట్టుకోకూడదు. దానికంటే ముందు ముగ్గురితో ఆడించాలి. ఆడుతున్నప్పుడు వీడు పక్కన కూర్చుని నోరు మెదపకుండా చూడాలి. ఎక్కడ తికమకపడ్డారో రాసుకోవాలి. ఇది చాలా కష్టంగా ఉంటుంది, కానీ దీన్ని మించిన శిక్షణ లేదు.

దాంతోపాటు రెండు పేజీల పరిచయ పత్రం రాయాలి. ఏ మూలాలు చూశాడు, 70,000కూ 48,200కూ మధ్య ఏది ఎందుకు ఎంచుకున్నాడు, గోడల పరిష్కారాన్ని ఎందుకు పక్కన పెట్టాడు. రేపు ఏ కాలేజీ ఇంటర్వ్యూలోనైనా ‘నువ్వు చేసిన పని చెప్పు’ అంటే ఆ రెండు పేజీలు ముందు పెట్టొచ్చు. వేరేవాళ్లు గీసిన బొమ్మలు, శబ్దాలు వాడుకుంటే వాళ్ల పేర్లు తప్పకుండా ఉండాలి, అడగాల్సిన చోట అడిగి తీసుకోవాలి. గేమ్ కంపెనీది కాబట్టి సినారియోను డబ్బుకు అమ్మే ఆలోచన వద్దు.

అది ముగిశాక, సెలవుల్లో అదే సినారియోను ‘ఫ్రీసివ్’లోకి మార్చమనండి. ఇదే తరహా గేమ్, ఉచితం, లోపలి కోడ్ అంతా అందరికీ తెరిచి ఉంటుంది, ఈవెంట్లు లూవాలో రాస్తారు. అక్కడ చేసిన పని అందరికీ కనబడుతుంది, తప్పులుంటే అనుభవమున్నవాళ్లు దిద్దుతారు.

రాత్రి ఒంటిగంట విషయంలో మాత్రం నేను మీ పక్షమే. 17 ఏళ్ల పిల్లవాడికి నిద్ర కావాలి. పదకొండుకు కంప్యూటర్ ఆగిపోవాలి. ‘ఆ గేమ్ ఆపేయ్’ అని కాకుండా ‘మిగతాది రేపు చెయ్యి’ అని చెప్పండి. వాడు చేసేది పని అని మీరు ఒప్పుకున్నట్టు వాడికి తెలిస్తే, వేళకు ఆపడానికి ఇంత టెన్షన్ ఉండదు.

ఈ ఆదివారం ఒక గంట వాడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండమ్మా. హానిబాల్‌గా మీరే పది టర్నులు ఆడండి. మీకు ఏమీ రాకపోయినా పర్వాలేదు, వాడు నేర్పుతాడు. ఆల్ప్స్ దాటాక మీ సైన్యం ఎందుకు తగ్గిపోయిందో అడగండి. జవాబు చెప్పడానికి వాడు ముందుగా ఏ ఫైలు తెరిచి చూపిస్తాడో చూసి నాకు రాయండి. కోర్సుల పేర్లు అప్పుడు మాట్లాడుకుందాం.