నాటకాన్ని పాటగా మార్చేవారికి ‘యెనూఫా’ పాఠం

చిరంజీవికి,

ఆశీస్సులు. రంగస్థల నాటకం ఒకటి తీసుకుని ఆసాంతం పాడే రూపకంగా మారుస్తున్నానని రాశావు. మంచి పని, కష్టమైన పని. మొదలుపెట్టే ముందు చెక్ ఒపెరా ‘యెనూఫా’ పాఠాన్ని దాని మూల నాటకం పక్కన పెట్టుకుని చదువు. గాబ్రియేలా ప్రెయిసోవా రాసిన ఆ నాటకం 1890లో ప్రాగ్‌లో ఆడింది. స్వరకర్త లియోష్ యానాచెక్ దాన్ని తానే కుదించుకుని, స్వరపరచి, 1904 జనవరి 21న బ్ర్నోలో ప్రదర్శనకు తెచ్చాడు.

కథ చెక్ దేశపు మొరావియా ప్రాంతంలోని ఒక పల్లెలో జరుగుతుంది. మిల్లు యజమాని ష్టెవా వల్ల యెనూఫా గర్భవతి అయింది, పెళ్లి కాలేదు. ఆమెను పెంచిన సవతి తల్లి కోస్టెల్నిచ్కా ఊళ్లో చర్చి పనులు చూసుకునే వితంతువు, అందరూ గౌరవించే మనిషి. ఏడాదిపాటు తాగకుండా ఉంటేనే పెళ్లి అని ష్టెవాకు షరతు పెడుతుంది. యెనూఫాను ప్రేమించే లాట్సా అక్కసు పట్టలేక ఆమె చెంప మీద కత్తితో కోస్తాడు. చలికాలంలో రహస్యంగా బిడ్డ పుడతాడు. కోసుకుపోయిన ముఖాన్ని ష్టెవా కాదంటాడు, బిడ్డ మాట విని లాట్సా తటపటాయిస్తాడు. కోస్టెల్నిచ్కా ఆ పసివాణ్ణి తీసుకెళ్లి ఏటి మంచు కింద తోసేస్తుంది.

ముందు నిడివి సంగతి. మాట్లాడితే నిమిషంలో అయిపోయే సంభాషణ పాడితే రెండు మూడు నిమిషాలు తింటుంది. రెండు గంటల నాటకాన్ని ఉన్నదున్నట్టు పాడిస్తే తెల్లవారుతుంది. సగానికి పైగా పోవాల్సిందే. గడియారం పెట్టుకుని ప్రతి పుటా పైకి చదివి అంచున నిమిషాలు రాసుకో. సెట్టు, వాద్యాలు చెప్పగలిగినవి ముందు కొట్టెయ్. యానాచెక్ మొదటి అంకాన్ని జైలోఫోన్ అనే చెక్కపలకల వాద్యం మీద ఒకే స్వరం టకటకలాడిస్తూ మొదలుపెట్టాడు. మిల్లు తిరుగుతోందని ఇక ఎవరూ నోటితో చెప్పనక్కర్లేదు.

అసలు ప్రమాదం ఆ తర్వాత ఉంది. కొట్టేసే ఊపులో కారణం కూడా కొట్టుకుపోతుంది. కోస్టెల్నిచ్కా తన పెళ్లి గురించి, అందగాడైన తాగుబోతు మొగుడి చేతిలో పడ్డ పాట్ల గురించి మొదటి అంకంలో చెప్పుకునే ఘట్టం ఒకటుంది. యానాచెక్ దానికి బాణీ కట్టి, 1908లో అచ్చు ప్రతి వచ్చేనాటికి తీసేశాడు. దాంతో అంకం పరుగెత్తింది, నిజమే. కానీ తొలిసారి చూసేవాడికి ఆమె ఎవరి పెళ్లికో అడ్డుపడే కఠినురాలిగా కనిపిస్తుంది. ష్టెవాలో తన మొగుణ్ణే చూస్తోందని తెలియదు. నా మటుకు ఆ కోత నచ్చదు. మొత్తం ఘట్టం అక్కర్లేదు, రెండు వాక్యాలు మిగిల్చినా చాలేది. చుట్టరికాల గతీ అంతే. ష్టెవా, లాట్సా ఒకే తల్లి బిడ్డలు, తండ్రులు వేరు. మిల్లు ష్టెవా తండ్రి వంశానిది కాబట్టి లాట్సాకు దక్కలేదు. అతని చేదుకు సగం కారణం అదే, కానీ ఒపెరాలో ఇది తేలిగ్గా జారిపోతుంది. నీ పాత్రల వంశవృక్షం కాగితం మీద గీసుకుని, ఏ గీత ఏ మాటలో వినిపిస్తోందో గుర్తు పెట్టుకో. మాట దొరకని గీత ప్రేక్షకుడికి లేనట్టే.

భాష దగ్గరికి వస్తే, వచనాన్ని పద్యం చెయ్యాలని తొందరపడకు. ప్రెయిసోవా రాసిన వచనాన్ని యానాచెక్ ఛందస్సులో పెట్టలేదు. జనం మాట్లాడేటప్పుడు గొంతు ఎక్కడ లేస్తుందో ఎక్కడ దిగుతుందో స్వరాల్లో రాసుకునే అలవాటు అతనిది. వచనాన్ని పాడించే ధైర్యం ఆ సాధన వల్లే వచ్చింది. మాటలు మళ్లీ మళ్లీ వాడాడు, అదీ మనసు కదల్లేక ఆగిన చోట. రెండో అంకంలో కోస్టెల్నిచ్కా ఒంటరిగా మిగిలినప్పుడు ‘ఒక్క క్షణం, ఒక్క క్షణం’ అని తిప్పి తిప్పి పాడుతుంది. ఆ క్షణంలో తన పరలోకమంతా పోగొట్టుకోవాలా అని తూకం వేసుకుంటుంది. బిడ్డను దేవుడికి అప్పగిస్తానని తనకు తానే నచ్చజెప్పుకుంటుంది. అంతలోనే ‘చూడండి, కోస్టెల్నిచ్కాను చూడండి!’ అంటూ ఊరి గొంతు ఆమె నోటినుంచే అరుస్తుంది. వేదిక మీద ఊరు లేదు, వేలెత్తి చూపేవాడు లేడు. సమూహ గానం పెట్టాల్సిన చోట ఒక్క గొంతుతో ఊరంతటినీ నిలబెట్టాడు. ఆ రెండు పుటలు చేత్తో రాసి చూడు, ఎక్కడ ఎవరి గొంతు మారుతోందో నీకే పట్టుబడుతుంది.

వస్తువుల్ని ముందే నాటు. లాట్సా చెక్కతో కొరడా పిడి చెక్కుతూ కత్తి మొద్దుబారిందని పదును పెట్టమని ఇవ్వడం మొదటి అంకం తొలి ఘట్టంలోనే ఉంది. అందువల్ల అంకం చివర ఆ కత్తి కొత్తగా ఊడిపడదు. మూడో అంకంలో శవం బయటపడటానికీ కాకతాళీయం వాడలేదు. బీరు తయారీ కేంద్రానికి మంచుగడ్డలు కోసే కూలీలు తమ పనిలో ఉండగా బిడ్డ దొరుకుతాడు. ఊరి వృత్తుల్లోంచి పుట్టిన మలుపును ఎవరూ శంకించరు.

ఇంకో మాట. 1916లో ‘యెనూఫా’ ప్రాగ్‌లో ఆడేటప్పుడు అక్కడి సంగీత నిర్వాహకుడు కారెల్ కొవార్జోవిట్స్ వాద్య రచనను తిరగరాశాడు. దశాబ్దాలపాటు ఆ రూపమే చెలామణి అయింది. నీ శుద్ధ ప్రతి తేదీ వేసి దాచుకో. సంగీత దర్శకుడు కోరే మార్పులు వేరే ప్రతిలో చెయ్యి.

నీ నాటకంలో ఒకే గదిలో, ఇద్దరు ముగ్గురితో సాగే దృశ్యం ఏదో చూసి, ముందు దాన్నే కుదించు. సగానికి తగ్గాక, కొట్టేసిన కాగితాలతో సహా పంపించు.